బూచికి బొమ్మ, భూతానికి పద్యం

భయానకరసానికి మన లాక్షణికులు ఇచ్చిన చోటు చిన్నది. శృంగారానికి ప్రకరణాలు, వీరానికి విభాగాలు కేటాయించినవారు భయానకం దగ్గరకు వచ్చేసరికి ఒకటి రెండు ఉదాహరణలిచ్చి దాటిపోతారు. అయినా భరతుడు నాట్యశాస్త్రంలో ఈ రసాన్ని మూడు తెరగులుగా చెప్పిన తీరు చూడదగినది. వ్యాజంవల్ల పుట్టినది ఒకటి, అపరాధంవల్ల పుట్టినది ఒకటి, విత్రాసంవల్ల పుట్టినది ఒకటి. మొదటిది నటించిన భయం. రెండవది చేసిన తప్పు వెంబడించగా కలిగేది. మూడవది ఉన్నపాటున హడలగొట్టేది. దీని వర్ణం నలుపు, అధిదేవత కాలుడు. అండమాను నికోబారు దీవుల చరిత్ర చదివినప్పుడెల్ల నాకీ విభాగం జ్ఞప్తికి వస్తుంది. ఆ సముద్రాన్ని ఉత్తరదేశంవారు కాలాపానీ అన్నారు. మనవారు ద్వీపాంతరం అన్నారు. తెలుగుపల్లెల్లో ఆ మాట చాలకాలం శాపనార్థంగా వాడుకలో ఉండినది.

అమెరికాలోను, బ్రిటనులోను పౌరగ్రంథాలయాలు ఏటేట అక్టోబరు చివర పదమూడు మొదలు పందొమ్మిదేండ్ల వయసువారిని చేరదీసి, దయ్యాలమీద పద్యాలు వ్రాయించి, కాగితంతో గబ్బిలాలు, గుడ్డపేలికలతో బొమ్మలు చేయించే వాడుక ఉన్నది. అది హాలోవీను పండుగకు అనుబంధం. ఆ పండుగకు ఐర్లండులో టర్నిప్ దుంపను తొలిచి ముఖం చెక్కి దీపం పెట్టేవారు. వలసపోయినవారు అమెరికాలో అంతకంటె పెద్దదీ, తొలవడానికి సుళువైనదీ అయిన గుమ్మడికాయను పట్టుకొన్నారు. ఇటువంటి పని మన గ్రంథాలయాల్లో తలపెడితే ఇది పరాయి వేడుక అని ముఖం చిట్లించేవారుంటారు. పండుగ పేరు పరాయిదే. పని మాత్రం కాదు. మన ఇంటి గడపపైన వ్రేలాడే బూడిదగుమ్మడి ఎవరిది? కడుతున్న ఇంటి ముందు మీసాలు, కోరలు దిద్దుకొని నిలుచున్న దిష్టిబొమ్మ ఎవరిది? గత శతాబ్దం చివరి దశాబ్దాల్లో ఊరూర తలుపులమీద సుద్దతో, రంగుతో 'ఓ స్త్రీ రేపు రా' అని వ్రాసుకొన్నది ఎవరు? అర్ధరాత్రి వచ్చి తలుపు తట్టే ఆడదయ్యం ఆ వ్రాత చదివి, రేపు వద్దామని తిరిగిపోతుందట. మరునాడు వచ్చినా అదే వ్రాత. ఈ కల్పనలో దయ్యానికి అక్షరజ్ఞానం ఉన్నది, మాటమీద నిలిచే మర్యాద ఉన్నది. నాలుగు మాటల వాక్యంతో ఇంతటి పని చేయించిన ఆ అనామక రచయితను మన విమర్శకులు పట్టించుకోలేదు.

నికోబారు దీవుల్లో, ముఖ్యంగా నాన్‌కౌరి మొదలైన మధ్యదీవుల్లో, ఈ విద్య ఎంతో ముందుకు పోయినది. అక్కడివారు కొయ్యతో చెక్కిన బొమ్మలను హెంటకోయి అంటారు. మనిషి రూపాలు, పక్షులు, చేపలు, మొసళ్లు, కొన్నిచోట్ల మనిషీ జంతువూ కలిసిన రూపాలు. మనిషి బొమ్మలు కొన్ని చేయెత్తి బల్లెం విసరబోతున్నట్లుంటవి. కొన్నింటికి కన్నులు ముత్యపుచిప్పతో పొదిగినవి. ఓడలమీద వచ్చిన ఐరోపావారిని చూచి కాబోలు, కొన్ని నెత్తిన టోపీ పెట్టుకొన్నవి. ఇంట్లో ఎవరికైనా జబ్బుచేస్తే అది ఇవి అనే ప్రేతశక్తుల పని అని వారి నమ్మకం. మెన్‌లువాన అనబడే వైద్యమాంత్రికుడు ఏ శక్తి పట్టినదో తేల్చి తగిన బొమ్మను చెప్పేవాడు. ఇంటివారు చెక్కి నిలబెట్టేవారు. పనిచేయదని తేలిన బొమ్మను పారవేసేవారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగవలె. మనం విగ్రహాన్ని ప్రతిష్ఠించిన తర్వాత దానిని పరీక్షించము. నికోబారు శిల్పి తన బొమ్మను రోగి పడకప్రక్కన పరీక్షకు పెట్టినాడు. అంత కఠినమైన విమర్శకు ఏ దేశపు శిల్పమూ నిలిచి ఉండదేమో.

బొమ్మలతోపాటు హెంట అనే చిత్రఫలకాలూ ఉండేవి. పోకమట్టమీదనో పలకమీదనో సూర్యచంద్రులు, ఓడలు, ఇంటి సామాను, చేపలు, మత్స్యకన్యలు వరుసలుగా చిత్రించేవారు. కొన్నింటి పైభాగాన దేవుసే అనే సృష్టికర్త నిలబడి ఉంటాడు. ఆ పేరు పోర్చుగీసు మాటనుండి వచ్చినదని పండితులు గుర్తించినారు. దేవుని పేరు పరభాషనుండి, దయ్యాల పేర్లు సొంతభాషలోనుండి! అనువాదకుడికి ఇందులో ఒక పాఠం ఉన్నది. మనిషి దైవాన్ని అరువు తెచ్చుకొంటాడు గాని భయాన్ని అరువు తెచ్చుకోడు. ఈ బొమ్మలను గూర్చి పందొమ్మిదవ శతాబ్దం చివర ఇ. హెచ్. మాన్, ఆ తర్వాత బోడెన్ క్లాస్, జార్జి వైట్‌హెడ్ మొదలైనవారు వ్రాసినారు. మంచి బొమ్మలు చాలవరకు ఐరోపా ప్రదర్శనశాలలకు చేరినవి. కారునికోబారులో క్రైస్తవం వ్యాపించిన కొద్దీ ఈ ఆచారం సన్నగిల్లినది. వ్యాధులు సోకినప్పుడు ఆ దుష్టశక్తులను పట్టి చిన్న పడవలోనో తెప్పలోనో ఎక్కించి సముద్రంలోకి త్రోసివేసే క్రతువూ అక్కడ ఉండేది. గత్తర వచ్చిన ఏడు అమ్మవారిని చిన్నబండి ఎక్కించి పొలిమేర దాటించి సాగనంపిన మన పల్లెలకు ఇది వింతగా తోచదు.

ఇంతకంటె దగ్గర పోలిక శ్రీకాకుళం కొండల్లో ఉన్నది. సవరలు తమ ఇంటి మట్టిగోడలమీద చచ్చినవారి కొరకు బొమ్మలు వ్రాస్తారు. పితరులు కలలో కనిపించియో, పూజారి నోట పలికియో ఫలానా బొమ్మ కావలెనంటారు. గుఱ్ఱాలు, ఏనుగులు, తుపాకులు పట్టిన మనుషులు, ఈనాడైతే రైళ్లు, విమానాలు కూడ ఆ గోడమీదికి ఎక్కినవి. వెరియర్ ఎల్విన్ 1955లో వెలువరించిన గ్రంథంలో వీటిని విపులంగా వర్ణించినాడు. అంతకు ఎన్నో ఏండ్లు ముందే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు సవరభాష నేర్చి, ఆ పిల్లల కొరకు బడి పెట్టి, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించినారు. వ్యావహారికోద్యమానికి మూలపురుషుడైన వారికి భాష అంటే ఏమిటో నేర్పినది సవరలే అని నేను నమ్ముతాను. సవర ముండాశాఖకు చెందిన భాష. నికోబారు భాషలు మరొక శాఖకు చెందినవి. రెండును ఆస్ట్రో-ఆసియాటిక్ అనే ఒకే కుటుంబంలోనివి. మహేంద్రగిరి పాదంలోని గోడబొమ్మకు, నాన్‌కౌరి రేవులోని హెంటకు నడుమ సముద్రమున్నది గాని భాషలు జ్ఞాతులే. ఆ బంధుత్వాన్ని బొమ్మలకు కూడ అంటగట్టడం తొందరపాటు. భాషలు ఒక త్రోవన, బొమ్మలు మరొక త్రోవన పోవచ్చు. అయినను ఉత్తరాంధ్రనుండి ఆ దీవులకు వలసపోయిన తెలుగువాడు, తన వెనుక కొండల్లోను తన ఎదుట దీవుల్లోను ఒకే భాషాకుటుంబంవారు దయ్యాలకు చిత్తరువులు వ్రాస్తున్నారని తెలిసికొనడం అవసరమనుకొంటాను.

అండమానుల సంగతి వేరు. అక్కడి ఆదివాసులకు అడవిలో ఎరెంచౌగ అనే దుష్టశక్తి, సముద్రంలో జురువిన్ అనే దుష్టశక్తి ఉన్నవని మాన్ 1883లోనే వ్రాసినాడు. 1906-08 మధ్య అక్కడ తిరిగిన రాడ్‌క్లిఫ్-బ్రౌన్ తన 1922నాటి గ్రంథంలో మరొక విషయం చెప్పినాడు. ఉత్తరాండమాను భాషల్లో ప్రేతాన్ని లావు అంటారు. భారతదేశంనుండి వచ్చినవారిని కూడ వారు ఆ మాటతోనే పిలిచేవారట. సముద్రానికి ఆవలనుండి వచ్చినది ప్రేతం కాక మరేమిటని వారి తర్కం.

ఈ వాక్యం చదివిన నాటినుండి నాకు గుణాఢ్యుని కథ కొత్తగా తోస్తున్నది. శాతవాహనుని కొలువులో పందెమోడి సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడింటిని విడిచిన గుణాఢ్యుడు, వింధ్యాటవిలో పిశాచాల భాష నేర్చి, ఏడులక్షల శ్లోకాల బృహత్కథను తన నెత్తురుతో వ్రాసినాడని ఐతిహ్యం. రాజు నిరాకరిస్తే ఒక్కొక్క ఆకు మృగాలకు చదివి వినిపించి అగ్నిలో వేసినాడు. కన్నీరు కార్చుతూ అవి మేత మానినవి. లక్ష శ్లోకాలు మాత్రం మిగిలినవి. ఆ భాషకు పైశాచి అని పేరు. దండి దానినే భూతభాష అన్నాడు. ఎవరి భాష అది? అడవిలో ఉన్న ఏదో జనం మాట్లాడిన భాషనే నాగరికులు పిశాచభాష అన్నారని తలచిన పండితులున్నారు. కథలో అబద్ధమెంత ఉన్నా ఒక నిజం మిగులుతుంది: తెలియని మనిషిని దయ్యమనడం మన పాత అలవాటు. అండమానులో అదే పేరు మనకు తిరిగి వచ్చినది. ఆ దీవుల్లో అడవి గూర్చి మనవారు చెప్పుకొనే ప్రతి దయ్యపుకథకు ఎదురుగా, మనలను దయ్యాలుగా చెప్పిన కథ ఒకటి ఉన్నది.

పైగా వారి భయానికి కారణం కనిపించింది. 1858 మార్చి 10న వాకర్ అనే వైద్యాధికారి రెండువందలమంది ఖైదీలతో అక్కడ దిగినాడు. అప్పటికి గ్రేట్ అండమానీయులు కొన్ని వేలమంది. 1877లో తట్టు ప్రబలినది. ఇతర రోగాలు తోడైనవి. 1901 లెక్కల్లో మిగిలినవారు 625 మంది. 1961లో 19 మంది. బో అనే భాషను చివరగా మాట్లాడిన బోవా సీనియర్ 2010 జనవరి 26న కన్నుమూసినది. ఆమె మాటలను, పాటలను భాషావేత్త అన్వితా అబ్బి ధ్వనిముద్రణ చేసినారు. ఆ తెగ కథలను కూర్చి 2021లో వేరొక సంపుటం వెలువరించినారు. భరతుడు అపరాధజం అన్న భయానకం మనకు వర్తించేది ఇక్కడ. మనం ఆ రోగాలను ఉద్దేశించి తేలేదు నిజమే. ప్రేతమనిపించుకొన్నవారు ప్రేతంలా ప్రవర్తించిన సంగతి మాత్రం చరిత్రలో ఉన్నది.

ఇక కారాగారం. 1896లో మొదలై 1906లో పూర్తయిన సెల్యులర్ జైలు ఏడు బారులుగా, నడుమ ఒక గోపురంతో, ఒక్కొక్కరికి ఒక్కొక్క గది చొప్పున కట్టినది. మనిషిని మనిషికి కనబడకుండ చేయడమే దాని ఉద్దేశం. ఆ భవనం భయాన్ని పుట్టించుటకే నిర్మించిన యంత్రం. హెంటకోయి దానికి సరిగ్గా విపర్యయం. 1911 నుండి 1921 వరకు అందులో ఉన్న సావర్కరు కాగితం లేక గోడమీద మేకుతో మరాఠీ పద్యాలు గీచి, కంఠస్థం చేసికొని, చెరిపివేసేవాడు. ఖైదీలకు గ్రంథాలయం ఏర్పడుటకు తాను పడ్డ పాట్లను తన జ్ఞాపకాల్లో వ్రాసికొన్నాడు. ఆయన రాజకీయాలతో ఏకీభవించనివారు కూడ ఆ గోడను గౌరవించవచ్చును. 1933నాటి నిరాహారదీక్షలో మహావీర్‌సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మొయిత్ర మరణించిన పిమ్మట రాజకీయఖైదీలకు దీపం, పుస్తకాలు, పత్రికలు లభించినవి. మూడు ప్రాణాలకు మూల్యంగా వచ్చిన పఠనసౌకర్యం అది. తరువాతి ఏండ్లలో వారు అధ్యయనబృందాలు నడుపుకొని, వ్రాతపత్రిక పెట్టుకొన్నారు.

తెలుగువారూ అక్కడ ఉన్నారు. రంప విప్లవంలో అల్లూరి సీతారామరాజు అనుచరుడైన గాం మల్లుదొరకు మరణశిక్ష తప్పి ద్వీపాంతరం పడినది. 1937 ప్రాంతంలో విడుదలై వచ్చి, 1952లో విశాఖపట్టణంనుండి లోక్‌సభకు ఎన్నికైనాడు. అదే సభలో అండమాను నికోబారుల ప్రతినిధిగా నియుక్తుడైనవాడు నికోబారు భాషలోకి క్రైస్తవ గ్రంథాలను తెచ్చిన జాన్ రిచర్డ్‌సన్. ఆ దీవులనుండి బ్రతికి వచ్చిన మన్యపుదొర, ఆ దీవిలో పుట్టిన అనువాదకుడు ఒకే కప్పుక్రింద కూర్చున్నారు. వారిద్దరు ఎన్నడైన మాట్లాడుకొన్నారో లేదో గాని, నాటకకర్త ఎవరైనా ఆ సంభాషణ వ్రాస్తే చదవాలని ఉన్నది.

జైలు 1979 ఫిబ్రవరి 11న జాతీయస్మారకమైనది. ఏడు బారుల్లో మూడే మిగిలినవి. రాత్రివేళ అక్కడ జరిపే ధ్వనిదీపప్రదర్శనలో ఆవరణలోని రావిచెట్టు కథ చెబుతుంది. చెట్టు, చీకటి, గొంతు! మనకు ఇది బేతాళుడే. రాస్ దీవికి 2018లో నేతాజీ పేరు పెట్టినారు. అక్కడ 1941 భూకంపానికి బీటలువారి, 1942లో జపానువారు రాగా విడిచిపెట్టిన దొరల బంగళాలు మర్రి ఊడల్లో చిక్కుకొని ఉన్నవి. చూడవచ్చినవారికి దొరసాని దయ్యాల కథలు చెప్పి మురిపిస్తారు. 1944 జనవరి 30న హంఫ్రీగంజిలో జపాను సైనికులు కాల్చిచంపిన నలుబదినలుగురిని గూర్చి ఎవరూ అంత ఉత్సాహంగా చెప్పరు. వినోదానికి పనికివచ్చే దయ్యాన్ని, పనికిరాని శవాన్ని వేరుచేయడం నాకు నచ్చదు. విత్రాసం మాటకు వస్తే 2004 డిసెంబరు 26 చాలును. ఆనాటి ఉప్పెనలో కారునికోబారు, కచ్చాల్, నాన్‌కౌరి తీరగ్రామాలు కొట్టుకొనిపోయినవి. దానిని గూర్చి ఇక్కడ వర్ణించబోను.

2011 లెక్కల ప్రకారం దీవుల జనాభా 3,80,581. నూటికి పదముగ్గురికి పైగా తెలుగు మాతృభాషవారు. బెంగాలీ, హిందీ, తమిళాల తర్వాత తెలుగుది నాలుగవ స్థానం. శ్రీకాకుళం, విశాఖ తీరాలనుండి చేపలవేటకు, కూలిపనులకు పోయినవారి సంతతి అధికం. 2024లో శ్రీవిజయపురమని పేరుమారిన పోర్టుబ్లెయిరు విశాఖకు సుమారు 1,200 కిలోమీటర్ల దూరం. ఓడమీద రెండు మూడు రోజుల ప్రయాణం. ఆ పిల్లలు ఇంట తెలుగు, వీధిలో హిందీ, బడిలో మరొకటి మాట్లాడుతారు. తెలుగుబడులూ ఉన్నవి గాని, పదునాలుగేండ్ల పిల్లవాడు బడిబయట తెలుగులో వ్రాసే సందర్భమేది? పెండ్లిపత్రికా? నేను భయానకాన్ని పట్టుకొన్నది ఇందుకే. ఆ వయసులో ప్రకృతివర్ణన వ్రాయమంటే ఆవులిస్తారు; ధర్మపన్నాలు వ్రాయమంటే అచ్చుబొమ్మలు దిగుతవి. దయ్యం మీద వ్రాయమంటే నాయనమ్మను అడుగుతారు. నాయనమ్మ చెప్పేది తెలుగులోనే. హిందీలో ఆ దయ్యానికి పేరులేదు.

తెలుగు సంప్రదాయంలో దీనికి సామగ్రి కొదువ లేదు. పల్లెటూరి హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను వచ్చేసరికి నిద్రపోయేవారు లేచి కూర్చుంటారు. గుఱ్ఱం జాషువ శ్మశానవాటి పద్యాలు ఆ రంగంలోకి ఎక్కి, ఎన్ని వేలమంది కుఱ్ఱవాళ్లకు కంఠస్థమైనవో! బడిలో ఛందస్సు ఒంటబట్టనివాడు కాటిసీను పద్యం యతి తప్పకుండ పాడినాడు. ఆ కవియే 1941లో గబ్బిలాన్ని దూతగా చేసి, అంటరానివాని మొర శివునికి పంపినాడు. కాళిదాసుకు మేఘం, జాషువకు గబ్బిలం. ఏ ప్రాణిని చూచి ఇంటివారు తలుపులు మూసుకొంటారో అది గుడిలోకి అడ్డులేకుండ పోగలదు, మనిషి పోలేడు. భయానకసామగ్రిని ఇంత పదునుగా వాడిన కావ్యం మనకు మరొకటి లేదు. వ్రాయడం నేర్చుకొనేవారికి మొదట చూపవలసినది ఇది: గబ్బిలం భయపెట్టడానికే కాదు, మాట చేరవేయడానికి కూడ వస్తుంది.

1947లో పుట్టిన చందమామ భేతాళకథల మాట అందరికీ తెలిసినదే. పాత ఇరవైఐదు కథలు అయిపోయినా, ఆ చట్రంలోనే కొత్తకథలు దశాబ్దాలపాటు వచ్చినవి. శవాన్ని భుజాన వేసికొని కత్తి పట్టి నడిచే రాజును శంకర్ చిత్రించిన తీరు రెండు మూడు తరాల పిల్లల కన్నుల్లో నిలిచినది. ఆ చట్రం పనితనం చూడండి. కథ చివర తీర్పు లేదు, ప్రశ్న ఉన్నది. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనం చెడి శవం చెట్టెక్కుతుంది. పిల్లవాడు జవాబు తానే వెదకుకొంటాడు. సమస్యాపూరణం, దత్తపది నేర్చిన జాతికి కార్యశాల అనే మాట కొత్తగాని పని కొత్తదికాదు. గబ్బిలం, గుడ్లగూబ, గొళ్లెం, గొడుగు అని నాలుగు మాటలిచ్చి కూర్చోబెడితే సాయంకాలానికి పది పద్యాలు వస్తవి. వాటిలో తొమ్మిది చెడ్డవైనా నష్టం లేదు.

గ్రంథాలయం ఈ పనికి తగిన చోటేనా అని సందేహించేవారు మన ఉద్యమచరిత్ర చూడవలె. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి అధ్యక్షతన గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమైన నాటినుండి, అయ్యంకి వెంకటరమణయ్యగారు, వారి సహచరులు గ్రంథాలయాన్ని పుస్తకాల అలమరగా తలచలేదు. అక్కడ హరికథలు, భజనలు, రాత్రిబడులు జరిగినవి. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణాకాలువమీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూర త్రిప్పినారు. మద్రాసులో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు బాలానందసంఘం స్థాపించి, 1945లో 'బాల' పత్రిక పెట్టి, పిల్లలచేత పాటలు పాడించి, నాటికలు ఆడించి, బొమ్మలు చేయించినారు. పడవ గ్రంథాలయమనే ఊహ అన్నిటికంటె ఎక్కువగా అవసరమైనది దీవులకే కదా! దీవినుండి దీవికి మనుషులను, కూరగాయలను చేర్చే ఓడల్లో ఒక పెట్టె పుస్తకాలు బరువు కావు.

దీవుల గ్రంథాలయాల్లో అటువంటి కూటమి జరిగితే పిల్లలు ఒకే భాషవారై ఉండరు. తెలుగుపిల్ల దిష్టిబొమ్మను కడుతుంది. బెంగాలీపిల్లవాడు బ్రహ్మదైత్యుని కథ చెబుతాడు. నికోబారు బాలుడు తాతలనాటి హెంటకోయి గూర్చి ఇంట విన్నది ఉంటే చెబుతాడు, చెప్పకూడదనుకొంటే ఊరకుంటాడు. ఆ మౌనానికి చోటివ్వవలె. మరొకరి ఆరాధనావస్తువును అట్టముక్కతో, జిగురుతో అనుకరించడం నాకు సమ్మతం కాదు. ఎవరి బూచిని వారే చేసికొందురుగాక. కొబ్బరిడొక్కలు, పోకమట్టలు, పాతవలలు, సముద్రం ఒడ్డుకు తెచ్చే కొయ్యముక్కలు, ఈ సరుకు అక్కడ ఉచితంగా దొరుకుతుంది. చేసిన బొమ్మక్రింద రెండు పంక్తులు వ్రాయమనవలె, తలుపుమీద వ్రాసిన ఆ పాత వాక్యమంత పొట్టిగా. బొమ్మ ఎవరిని భయపెట్టడానికి నిలబడినదో అందులో ఉండవలె.

తరువాత వచ్చేది అనువాదం. తెలుగులో దయ్యం, భూతం, పిశాచం, ప్రేతం, గాలి, బ్రహ్మరాక్షసి వేరువేరు. గాలి సోకినదంటే పట్టినది ఎవరో తెలియదన్నమాట. ప్రేతమంటే ఇంటిలో చనిపోయినవారే. నికోబారు ఇవిని వీటిలో దేనితో చెబుతారు? లావును దేనితో? మొదటిదానికి నేను గాలి అని వ్రాసి చూచినాను, కొంతవరకు నిలుస్తుంది. రెండవదానికి ప్రేతమని వ్రాయవచ్చును గాని, ఆ మాటకు భారతదేశపు మనిషి అనే రెండవ అర్థం కూడ ఉన్నదే! ఆ రెండర్థాలు ఒక్కచోట పలికే తెలుగుమాట నాకింకను దొరకలేదు.